గంటకు 150 ఉల్కలు: మన మిద్దె మీద ఎన్ని?

ఏటా డిసెంబరు 13, 14 తేదీల రాత్రుల్లో జెమినిడ్స్ ఉల్కాపాతం జోరందుకుంటుంది. గంటకు 150 ఉల్కలన్న వార్త చదివి మిద్దెక్కినవాళ్లు పాతికైనా కనబడక నిరాశగా దిగిపోతుంటారు. ఆ 150 అబద్ధమేమీ కాదు. ఉల్కలు వెలువడుతున్నట్టు కనిపించే బిందువు సరిగ్గా నడినెత్తిన ఉండి, 6.5 మాగ్నిట్యూడ్ ఉన్న బాగా మసక చుక్కలు కూడా కనబడేంత చీకటి ఉంటే వచ్చే లెక్క అది.

ముందు ఆ బిందువు ఎక్కడుందో చూద్దాం. భూమికి రేఖాంశం, అక్షాంశం ఉన్నట్టే ఆకాశానికి విషువాంశ, క్రాంతి. విషువాంశను గంటల్లో చెబుతారు. గంటకు 15 డిగ్రీలు. జెమినిడ్స్ బిందువుకు విషువాంశ 7 గంటల 28 నిమిషాలు, క్రాంతి +33 డిగ్రీలు. అంటే పునర్వసు జంటలోని క్యాస్టర్ పక్కనే. హైదరాబాద్ అక్షాంశం 17.4 కాబట్టి అర్ధరాత్రి దాటాక 2 గంటల ప్రాంతంలో అది 74 డిగ్రీల ఎత్తుకు చేరుతుంది. రాత్రి 9కి ఎత్తు 20 డిగ్రీల లోపే. ఆ ఎత్తు సైన్ విలువతో 150ని గుణిస్తే 9 గంటలకు 50, రెండింటికి 144. అలారం పెట్టుకుని లేస్తే దాదాపు మూడింతలు!

అసలు దెబ్బ వెలుగు దగ్గర. మాగ్నిట్యూడ్ అంకె పెరిగేకొద్దీ చుక్క మసకబారుతుంది. తర్వాతి కాలంలో మద్రాసు అబ్జర్వేటరీని నడిపిన నార్మన్ పోగ్సన్ 1856లో ఈ కొలతను ఖాయం చేశారు: 5 మెట్ల తేడా అంటే వెలుగులో 100 రెట్లు, ఒక్కో మెట్టుకు సుమారు 2.5 రెట్లు. జెమినిడ్స్‌లో మసకవే ఎక్కువ. చూపు హద్దు, అంటే కంటికి కనబడే అతి మసక చుక్క మాగ్నిట్యూడ్, ఒక్క మెట్టు తగ్గితే కనబడే ఉల్కలు 2.6 రెట్లు తగ్గిపోతాయి. పట్నంలో హద్దు 4.5 అనుకుంటే, రెండు మెట్లకు 2.6ను 2.6తో గుణించాలి, దాదాపు 6.8. ఆ 144ను దీనితో భాగిస్తే మిగిలేవి 21. ఊరి దీపాలు దాటి 30 కిలోమీటర్లు వెళ్లడం ఎందుకు దండగ కాదో ఈ ఒక్క భాగహారం చెబుతుంది.

మీ హద్దు తెలుసుకోవడానికి పరికరాలు అక్కర్లేదు. రాత్రి 10 గంటలకు కృత్తిక, మన పిల్లలకోడి, నడినెత్తికి దగ్గరగా ఉంటుంది. కళ్లు చీకటికి అలవాటుపడటానికి 20 నిమిషాలు ఇచ్చి అందులో చుక్కలు లెక్కపెట్టండి. ఆరు కనబడితే హద్దు కనీసం 4.3, ఏడోది 5 దాటాకే దొరుకుతుంది. ఇక ఉల్క రాలినప్పుడు దాని వెలుగును తెలిసిన చుక్కతో పోల్చండి: రోహిణి 0.9, సిరియస్ -1.5. టైము, మాగ్నిట్యూడ్, ఆ గంటలో మీ హద్దు, ఈ మూడూ నోటుబుక్కులో పడితే మీ లెక్కను ఏ ఊరి లెక్కతోనైనా సరిపోల్చుకోవచ్చు.