తుపాకి: క్రీడ, క్రయవిక్రయాలు, చట్టం

తెలుగులో "గురి" అను మాటకు రెండర్థాలున్నవి. ఒకటి లక్ష్యం, రెండవది నమ్మకం. మన ఉర్దూ మిత్రులు "నిషానా" అనేది మొదటిదానినే. తుపాకి విషయంలో మాత్రం ఈ రెండింటిని విడదీయరాదు. గురి తప్పక కాల్చగలవాడైనను, అతనిపై సమాజానికి గురి కుదరకపోతే ఆయుధం అతని చేత ఉండదగదు.

ముత్తుకూరు వంటి తీరగ్రామంలోని విద్యార్థికి తుపాకితో తొలి పరిచయం సాధారణంగా ఎన్.సి.సి. శిబిరంలోనే కలుగుతుంది. అక్కడ .22 రైఫిలుతో కాల్చే కొద్ది తూటాలకు ముందు ఎంతో నియమపాలన నేర్పుతారు. ఏ తుపాకినైనా తూటా ఉన్నదానిగానే భావించవలెను. గొట్టం ఎల్లప్పుడు లక్ష్యం వైపే ఉండవలెను. కాల్చదలచిన క్షణం వరకు వ్రేలు ట్రిగ్గరుపై ఉంచరాదు. అధికారి "ఆపు" అనగానే ఆపవలెను. లోకంలో ఏ షూటింగ్ రేంజికి పోయినను పాఠం ఇదే.

ఈ పాఠం నుండే క్రీడ పుట్టినది. ఎయిర్ పిస్టల్ పోటీలో లక్ష్యం 10 మీటర్ల దూరాన ఉంటుంది. పది మార్కులు తెచ్చే నడిమి వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు మాత్రమే. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్సులో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యం గెలిచెను. ఆ నగరపు బాలికయే ఈషా సింగ్ 2018లో, 13 ఏండ్ల ప్రాయంలో, ఎయిర్ పిస్టల్‌లో జాతీయ విజేత అయినది. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో 25 మీటర్ల పిస్టల్ జట్టుతో స్వర్ణం తెచ్చినది.

ఇచట ఒక విశేషం గమనింపదగినది. అంతటి విజేతకైనను 21 ఏండ్లు నిండనిదే సాధారణ ఆయుధ లైసెన్సు లభింపదు. శిక్షణలో, నియమిత షరతులపై కాల్చుటకు మాత్రమే చట్టం చిన్నవారికి అవకాశమిచ్చినది. నేర్పు వేరు, సొంతం చేసికొను హక్కు వేరు అని దీని భావం.

ఆంగ్ల పాలకులు 1878లో చేసిన ఆయుధ చట్టం భారతీయులకు లైసెన్సు విధించి, ఐరోపావారిని మినహాయించినది. స్వతంత్ర భారతం 1959లో చేసిన ఆయుధ చట్టంలో అట్టి జాతిభేదం లేదు. 2019 సవరణతో ఒకరికి ఉండదగిన తుపాకులు సాధారణంగా మూడు నుండి రెండుకు తగ్గినవి. లైసెన్సు గడువు మూడేండ్ల నుండి ఐదేండ్లకు పెరిగినది.

ఇక లైసెన్సు గల పిస్తోలును సొంతదారు మరొకరికి అమ్మవచ్చునా? అమ్మవచ్చును. కాని పాత సైకిలు అమ్మినట్లు కాదు. కొనువానికి కూడ లైసెన్సు ఉండవలెను. అమ్మువాడు తన ఉద్దేశాన్ని, కొనువాని పేరును, చిరునామాను జిల్లా మేజిస్ట్రేటుకు గాని, సమీప పోలీసు స్టేషను అధికారికి గాని వ్రాతమూలంగా తెలుపవలెను. అటుపై 45 రోజులు గడువనిదే ఆయుధం చేతులు మారరాదు. ఆ వ్యవధిలో కొనువాడు ఎట్టివాడో విచారించుటకు ప్రభుత్వానికి వీలు కలుగుతుంది.

దొంగచాటు బేరాలలో లేనిది ఈ విచారణయే. లైసెన్సు లేని తుపాకి దగ్గరుంచుకొన్నవానికి రెండు నుండి ఐదేండ్ల వరకు, అక్రమంగా అమ్మినవానికి ఏడేండ్లకు తగ్గక యావజ్జీవం వరకు శిక్ష పడవచ్చును. పెండ్లి ఊరేగింపులో ఉత్సాహానికి నిర్లక్ష్యంగా గాలిలోకి కాల్చి ఇతరులకు ప్రమాదం తెచ్చుట కూడ 2019 నుండి రెండేండ్ల వరకు జైలుకు దారితీయగల నేరమే. సినిమా చూచి ముచ్చటపడి "ఎవరో తెచ్చిపెడతారట" అను మాటకు లోబడిన యువకుడు తన చదువును, తల్లిదండ్రుల ఆశలను పణంగా పెట్టినట్లే.

కావున విద్యార్థి సోదరసోదరీమణులారా, తుపాకిపై మక్కువ ఉంటే రేంజికి పొండు, బేరానికి పోకుడు. కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. ఎయిర్ పిస్టల్ అభ్యాసానికి పెద్ద మైదానం అక్కరలేదు. 10 మీటర్ల దూరం చాలిన పొడవాటి గది, వెనుక గట్టి అడ్డు, అర్హుడైన శిక్షకుడు ఉంటే చాలును. ఆ గదిలో మన పిల్లలు లక్ష్యాన్ని మాత్రమేగాక నిగ్రహాన్ని నేర్తురు. అప్పుడు "గురి" అను మాటకు రెండర్థాలును వారియందు నెరవేరును.