సంక్రాంతికి టెస్ట్ డ్రైవ్

2024 నవంబరు 26న మహీంద్రా బీఈ 6 విడుదలైంది. హైదరాబాద్‌లో టెస్ట్ డ్రైవ్‌లు జనవరి 14 నుంచి. ఈలోగా లెక్కలు వేస్తూ కూర్చున్నాను, బ్యాంకు బుద్ధి ఎక్కడికి పోతుంది!

పెద్ద బ్యాటరీ 79 కిలోవాట్ అవర్లు, మన కరెంటు బిల్లు భాషలో 79 యూనిట్లు. పరీక్షల్లో 680 కిలోమీటర్లకు పైగా వచ్చిందన్నారు. ఏసీ వేసి హైవే మీద దూకుడుగా వెళ్తే అంత రాదు. 450 అనుకున్నా విజయవాడ చేరిపోతాం. తిరిగి రావాలంటే అక్కడ చార్జింగ్ కావాలి. ఇంట్లో ఏడు కిలోవాట్ల చార్జరైతే నిండడానికి పదకొండు గంటలపైనే. మరి అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఆ మీటరు ఎవరి పేరున?

ఇలాంటి బండ్లలో బ్యాటరీ కాళ్ల కిందే ఉంటుంది. వెనక కూర్చుంటే మోకాళ్లు పైకి లేస్తాయేమో చూసుకోవాలి. అందుకే అమ్మనూ తీసుకెళ్తున్నాను.

"ఎక్కడం సరే, దిగగలనట్రా?" అంటోంది.