ఎవరు ఆడాలో ఎదుటి జట్టు చెబుతుంది

అమెరికా కాలేజీ మహిళల బాస్కెట్‌బాల్ మ్యాచ్ నిడివి 40 నిమిషాలు, పదేసి నిమిషాల 4 క్వార్టర్లు. కోర్టులో ఎప్పుడూ ఐదుగురే కాబట్టి కోచ్ పంచాల్సినవి మొత్తం 200 నిమిషాలు. బాగా ఆడేవాళ్లకే అవి ఎక్కువ దక్కుతాయనుకుంటాం. అది సగమే నిజం. పెద్ద మ్యాచుల్లో మిగతా సగాన్ని తేల్చేది ఎదుటి జట్టే. సౌత్ కరోలినా, ఐయోవా జట్లు వరసగా రెండేళ్లు తలపడ్డ తీరు చూస్తే ఇది తెలుస్తుంది. 2023 జాతీయ టోర్నీ సెమీఫైనల్‌కు సౌత్ కరోలినా ఓటమే లేకుండా 36 విజయాలతో వచ్చింది. దాని బలం బుట్ట దగ్గర పాతుకుపోయే పొడగరులు. ఐయోవా ఆ బలం జోలికి నేరుగా పోలేదు. బెంచి మీంచి వచ్చిన గార్డ్ రేవెన్ జాన్సన్‌ను మూడు పాయింట్ల గీత దగ్గర ఒంటరిగా వదిలేసింది. 'వేసుకుంటే వేసుకో' అన్నట్టు ఐయోవా తార కైట్లిన్ క్లార్క్ చెయ్యి విదిలించిన దృశ్యం దేశమంతా చూసింది. జాన్సన్‌ను కాయకుండా అలా మిగిలిన మనిషి లోపల పొడగరుల మీద కాపలాకు పనికొచ్చింది. క్లార్క్ 41 పాయింట్లు కొట్టింది, ఐయోవా 77-73తో గెలిచింది. బెంచి బలం ఎంతున్నా ఎదుటివాళ్లు వేసిన ప్రశ్నకు జవాబు కాకపోతే అక్కరకు రాదు.

ఏడాది తిరిగేసరికి, 2024 ఫైనల్లో, మళ్లీ అవే జట్లు. మొదటి క్వార్టర్‌లోనే క్లార్క్ 18 పాయింట్లు చేసింది. సౌత్ కరోలినా కోచ్ డాన్ స్టేలీ కంగారు పడలేదు. క్లార్క్‌ను ఒక్కరికే అప్పగించకుండా గార్డులను మార్చి మార్చి వదిలింది. తర్వాతి మూడు క్వార్టర్లలో క్లార్క్‌కు దక్కినవి 12. తొలి సగం ముగుస్తుండగా ఆమె చేతిలోని బంతిని లాక్కుని బుట్టలో వేసింది ఎవరనుకున్నారు? ఆ రేవెన్ జాన్సనే. ఆరడుగుల ఏడంగుళాల కమిల్లా కార్డోసో 17 రీబౌండ్లు పట్టింది. తుది స్కోరు 87-75. బెంచి నుంచి వచ్చిన పాయింట్లు సౌత్ కరోలినాకు 37, ఐయోవాకు సున్నా.

తరచూ మనుషుల్ని మారిస్తే ఆటలో లయ చెడుతుందనే వాదనను కొట్టిపారేయలేం. ఏళ్ల తరబడి కలిసాడిన ఐదుగురికి కళ్లతోనే సైగలు అందుతాయి. ఐయోవా వరసగా రెండు ఫైనల్స్‌కు చేరింది ఆ ఒడుపుతోనే. కానీ అది నిలవాలంటే ఐదుగురూ అలిసిపోకూడదు, ఫౌళ్లలో ఇరుక్కోకూడదు. ఐదో ఫౌల్‌తో ఎంతటి తారైనా బయటికే. సీజన్ మొదలయ్యే నవంబరు నుంచీ పదిమందికి బాధ్యతలిచ్చి ఆడించిన జట్టులో మార్పిడి వల్ల లయ చెడదు, మార్పిడే లయ అవుతుంది. ఇదీ అన్ని తాళాలకూ పనికొచ్చే తాళంచెవి కాదు. 2025 ఫైనల్లో స్టేలీ జట్టే యూకాన్ చేతిలో 82-59తో చిత్తయింది. యూకాన్ తరఫున అజ్జీ ఫడ్, సారా స్ట్రాంగ్ చెరో 24 పాయింట్లు చేశారు. ఒక్క తారను కట్టడి చేయడం వేరు, ఇద్దరు ముగ్గురు ఒకేసారి చెలరేగితే ఆపడం వేరు.

ఈసారి ఇలాంటి మ్యాచులు చూసేటప్పుడు కాసేపు బంతిని వదిలేసి స్కోరర్ల బల్ల వైపు చూడండి. లోపలికి వెళ్లడానికి అక్కడ ఎవరు కాచుకున్నారో, వాళ్లు ఎవరిని అడ్డుకోబోతున్నారో గమనిస్తే ఆట మరింత బాగా అర్థమవుతుంది.