నర్సింగ్ విద్యార్థుల నిర్ణయశక్తి - అభ్యాస ప్రశ్నలు: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
రోగి స్థితిని గమనించి, అర్థం చేసుకొని, సకాలంలో తగిన చర్య తీసుకోవడమే నర్సు నిర్ణయశక్తి. జ్ఞాపకశక్తిని మాత్రమే పరీక్షించే ప్రశ్నలు దీనిని పెంపొందించలేవు. ప్రసవానంతర రక్తస్రావాన్ని ఉదాహరణగా తీసుకొని, నిర్ణయశక్తిని పెంచే అభ్యాస ప్రశ్నల స్వరూపాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: నర్సింగ్ విద్య, నిర్ణయశక్తి, రోగి సంరక్షణ, అభ్యాస ప్రశ్నలు, ప్రసవానంతర రక్తస్రావం.

1. ఉపోద్ఘాతం:
“ప్రసవానంతర రక్తస్రావానికి ప్రధాన కారణం ఏది?” అని అడిగితే, పుస్తకం చదివిన ప్రతి విద్యార్థీ గర్భాశయ శైథిల్యమని చెప్పగలరు. కాని వార్డులో రోగి ఆ పేరుతో కనిపించదు. కొన్ని అంకెలు, కొన్ని మాటలు, తడిసిన ఒక ప్యాడ్ మాత్రమే నర్సు ముందుంటాయి. వాటినుండి ప్రమాదాన్ని గుర్తించడమే అసలు విద్య.

2. సైద్ధాంతిక నేపథ్యం:
నర్సు ఆలోచనాక్రమాన్ని క్రిస్టీన్ టానర్ 2006లో గమనించడం, అర్థం చేసుకోవడం, స్పందించడం, పునరాలోచించడం అనే నాలుగు దశలుగా వివరించారు. అమెరికాలో నర్సుల లైసెన్సుకు నిర్వహించే ఎన్‌క్లెక్స్ పరీక్ష 2023 ఏప్రిల్ 1 నుండి నిర్ణయశక్తిని కొలిచే కొత్త రూపం సంతరించుకొంది. ఇందులో ఒకే రోగి వృత్తాంతంపై ఆరు ప్రశ్నలు వరుసగా వస్తాయి. సూచనలను గుర్తించడం, విశ్లేషించడం, సంభావ్య కారణాలకు ప్రాధాన్యక్రమం నిర్ణయించడం, పరిష్కారాలను ఆలోచించడం, చర్య తీసుకోవడం, ఫలితాన్ని అంచనా వేయడం అనేవి ఆ ఆరు మెట్లు. ఈ పరీక్ష రాసే తెలుగు విద్యార్థులకే గాక, వార్డులో పనిచేయబోయే ప్రతి విద్యార్థికీ ఈ క్రమం ఉపయుక్తం.

3. నమూనా వృత్తాంతం:
26 సంవత్సరాల స్త్రీకి సహజ ప్రసవం జరిగి రెండు గంటలయింది. గర్భధారణ సమయంలో అధిక రక్తపోటు ఉండేది. ప్రసవం కాగానే నాడి 84, రక్తపోటు 148/94. ఇప్పుడు నాడి 118, రక్తపోటు 112/70, ఉష్ణోగ్రత 37.2 డిగ్రీల సెల్సియస్. 15 నిమిషాలలో ఒక ప్యాడ్ పూర్తిగా తడిసింది. గర్భాశయం మెత్తగా, బొడ్డుకు పైన, కుడివైపుకు ఒరిగి ఉంది. ప్రసవం తరువాత మూత్రవిసర్జన జరుగలేదు. “కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి సిస్టర్” అని ఆమె అంటే, “కాన్పయిన ఒళ్ళు కదమ్మా, నీరసం మామూలే” అని తల్లి సర్దిచెబుతున్నది.

4. ప్రశ్నలు - వివరణలు:

4.1 తక్షణం పట్టించుకోవలసిన సూచనలేవి?
నాడి, ప్యాడ్, గర్భాశయ స్థితి, రోగి మాట. వీటితోపాటు రక్తపోటు కూడా. 112/70 విడిగా చూస్తే సాధారణమే. మునుపటి అంకెతో పోలిస్తే 36 తగ్గింది. పైగా నాడి సంఖ్య పై రక్తపోటు అంకెను మించిపోయింది. ఉష్ణోగ్రత ఇక్కడ ప్రధానం కాదు.

4.2 ఎక్కువగా సంభవించగల కారణమేది?
గర్భాశయ శైథిల్యం. జననమార్గంలో చీలిక వల్లనే రక్తం పోతున్నట్లయితే గర్భాశయం సాధారణంగా గట్టిగా ఉంటుంది. అది పక్కకు ఒరగడం నిండిన మూత్రాశయాన్ని సూచిస్తుంది.

4.3 మొదటి చర్య ఏది?
(అ) 15 నిమిషాల తరువాత రక్తపోటు మళ్ళీ చూడడం
(ఆ) సహాయానికి పిలుస్తూ గర్భాశయ మర్దన ప్రారంభించడం
(ఇ) వేడి పానీయం ఇవ్వడం
(ఈ) వివరాలు నమోదు చేసి వైద్యుల రాకకై వేచిఉండడం

సమాధానం (ఆ). ఒక చేతిని జఘనాస్థికి పైన ఆనించి, రెండవ చేతితో మర్దన చేయాలి. తదుపరి మూత్రాశయాన్ని ఖాళీ చేయించాలి. (అ) జాగ్రత్తగా కనిపించే తప్పు సమాధానం. రక్తస్రావాన్ని అరికట్టే ట్రానెగ్జామిక్ ఆమ్లాన్ని ప్రసవమైన మూడు గంటలలోపు ఇవ్వాలి; ఇప్పటికే రెండు గంటలు గడిచాయి.

4.4 వైద్యుల ఆదేశాలలో దేనిని ప్రశ్నించాలి?
ఆక్సిటోసిన్ ఆదేశం సముచితమే. మిథైల్ ఎర్గోమెట్రిన్ రాసి ఉంటే, ఆమెకు అధిక రక్తపోటు ఉన్న సంగతి వెంటనే వైద్యులకు గుర్తుచేయాలి.

4.5 చర్య ఫలించిందని ఎలా తెలుస్తుంది?
గర్భాశయం గట్టిపడడం, నడుమకు రావడం, రక్తస్రావం తగ్గడం, నాడి నెమ్మదించడం. గర్భాశయం గట్టిపడినా రక్తం ఆగకపోతే చీలిక వంటి మరో కారణాన్ని వెదకాలి.

5. భాష - సూచన:
మన విద్యార్థులు పాఠ్యాంశాన్ని ఇంగ్లీషులో చదువుతారు. రోగి తెలుగులో బాధ చెప్పుకొంటుంది. “బైర్లు కమ్ముతున్నాయి”, “గుండె దడగా ఉంది”, “ఒళ్ళు చల్లబడుతోంది” వంటి మాటలు పాఠ్యపుస్తకపు లక్షణాల జాబితాలో ఉండవు. బంధువులు వాటిని నీరసంగా కొట్టిపారేయడమూ సర్వసాధారణం. కావున అభ్యాస వృత్తాంతాలలో రోగి మాటను యథాతథంగా చేర్చడం అవసరం. ఆ మాటను అంకెలతో జోడించి చదవడం విద్యార్థికి అలవడాలి.

6. ముగింపు:
మంచి అభ్యాస ప్రశ్నకు మూడు లక్షణాలుండాలి. ఒకటి, కాలంతోపాటు మారే రోగి స్థితిని చూపాలి. రెండు, తప్పు సమాధానాలు కూడా ఆలోచింపజేసేవిగా ఉండి, అవి ఎందుకు తప్పో వివరణ ఉండాలి. మూడు, రోగి స్వరం వినిపించాలి. తరగతిలో తప్పు సమాధానానికి పోయేది ఒక మార్కు. వార్డులో అదే తప్పుకు ఒక తల్లి ప్రాణమే పోవచ్చు. తప్పు చేయడానికీ దిద్దుకోవడానికీ తరగతిలో అవకాశం ఉన్నప్పుడే ఈ సాధన జరగాలి.