పాత కారు, కొత్త రంగు, మండు వేసవి

విద్యార్థులారా! ముందుగా ఒక చిన్న పని చేయండి. మీ ఇంటి ఇనుప గేటుకో, కిటికీ ఊచలకో వేసిన రంగు ఎక్కడైనా బుడిపెలా ఉబ్బి ఉందేమో వెతకండి. దొరికితే గోటితో గిల్లి చూడండి. లోపల ఏముంది? ఎర్రటి పొడి! పైన రంగు నిగనిగలాడుతూనే ఉంది. కింద ఇనుము మాత్రం కొద్దికొద్దిగా తుప్పుగా మారిపోతోంది.

ఇదే సంగతి ఒక కారుకు జరిగితే? మా ఇంట్లో జరిగింది. తప్పు నాదే. ఇరవై అయిదేళ్ళుగా తుప్పు పాఠం చెబుతున్నవాణ్ణి, నా కారు దగ్గరికి వచ్చేసరికి ఆ పాఠం మరిచిపోయాను. ఆ కథ వింటే మీ పుస్తకంలోని నాలుగైదు పాఠాలు మళ్ళీ చదివినట్లవుతుంది.

పెదనాన్నగారి అంబాసిడర్

మాది బందరు. మా పెదనాన్నగారికి మీగడ రంగు అంబాసిడర్ కారు ఉండేది. నేను హైస్కూల్లో చదివే రోజుల్లో ఆయన మమ్మల్ని అందులో ఎక్కించుకుని మంగినపూడి బీచికి తీసుకువెళ్ళేవారు. ముందు ముగ్గురు, వెనుక ఆరుగురు! పశ్చిమ బెంగాల్లోని ఉత్తరపారా కర్మాగారంలో 1950ల చివరి నుంచి తయారైన ఈ కారు ఉత్పత్తి 2014లో ఆగిపోయింది. ఇప్పుడు కొత్తది కొనాలన్నా దొరకదు. ఉన్నవాటిని కాపాడుకోవడమే. పెదనాన్నగారు పోయాక ఆ కారు నా దగ్గరికి వచ్చింది.

2016 మే నెలలో మా మేనకోడలి పెళ్ళి. పెళ్ళికూతురిని అందులోనే తీసుకువెళ్ళాలని మా అక్కయ్య కోరిక. వ్యవధి నాలుగు రోజులు. తలుపుల అడుగున తుప్పు మచ్చలు ఉన్నాయి. "పైన లప్పం పెట్టి రంగు కొట్టేయండి" అన్నాను. మిట్టమధ్యాహ్నం, చెట్టు నీడ కూడా లేనిచోట పని జరిగింది. పెళ్ళినాటికి కారు దూరం నుంచి బాగానే ఉంది. దగ్గరికి వెళ్ళి పైకప్పు మీద చెయ్యి వేస్తే గరుకు కాగితంలా తగిలింది. వానాకాలం వెళ్ళేసరికి తలుపుల అడుగున బుడిపెలు లేచాయి. ఒకచోట వేలు పెట్టి నొక్కితే రేకులోకి దిగిపోయింది.

తుప్పు ఎందుకు ఉబ్బుతుంది?

ఇనుము, నీరు, ఆక్సిజన్ ఈ మూడూ కలిసినప్పుడే తుప్పు పడుతుంది. ఇనుము మీద తడి నిలిచినచోట చిన్న చిన్న విద్యుత్ ఘటాలు ఏర్పడతాయి. ఒకచోట ఇనుము పరమాణువులు ఎలక్ట్రాన్లను వదిలి, అయానులుగా మారి నీటిలోకి వస్తాయి. వదిలిన ఎలక్ట్రాన్లు లోహం గుండా ప్రయాణించి, ఇంకొకచోట ఆక్సిజన్‌కూ నీటికీ అందుతాయి. చివరకు మిగిలేది నీటితో కూడిన ఐరన్ ఆక్సైడు. అదే తుప్పు. నీటిలో ఉప్పు ఉంటే విద్యుత్తు ఇంకా తేలికగా ప్రవహిస్తుంది. అందుకే సముద్రపు గాలి తగిలే మా ఊళ్ళో ఇనుము త్వరగా పాడవుతుంది.

ఇప్పుడు ముఖ్యమైన విషయం. తుప్పు తాను పుట్టిన ఇనుము కంటే రెట్టింపుకు పైగా చోటు ఆక్రమిస్తుంది. రంగు పొర కింద అంత చోటు ఎక్కడిది? అందుకని రంగును పైకి నెడుతుంది. బుడిపె లేస్తుంది, పగులుతుంది. ఆ పగులులోంచి మరింత నీరు దిగుతుంది. పైగా నేను తుప్పు మీద పెట్టించిన లప్పం నీటిని కొంత పీల్చుకునే పదార్థం. దొంగను ఇంట్లో ఉంచి తలుపుకు తాళం వేయడమంటే ఇదే!

కారు మీది రంగు పొరలన్నీ కలిపినా మందం మిల్లీమీటరులో సుమారు పదో వంతు మాత్రమే. ఆ పలుచని పొరే నీటినీ గాలినీ ఇనుము దగ్గరికి రానివ్వకుండా ఆపాలి. అందం తరువాతి మాట.

రెండవసారి

2018 వేసవి సెలవుల్లో కారును విజయవాడ ఆటోనగర్ తీసుకువెళ్ళాను. అక్కడ ఒక పెద్ద మేస్త్రీ కారు చుట్టూ ఒకసారి తిరిగి, "మాస్టారూ, రంగుకు ఒక రోజు చాలండి. కిందపనికి పదిహేను రోజులు కావాలి. ఒప్పుకుంటేనే చెయ్యి పెడతాను" అన్నాడు. ఈసారి బుద్ధిగా ఒప్పుకున్నాను.

మొదట పాత రంగంతా గీకేశారు. తుప్పు తిన్న రేకు కోసి, కొత్త రేకు అతికారు. మిగిలిన చోట లోహం తళతళలాడే దాకా ఎమరీ పేపరుతో రుద్దారు. అదేరోజు ఎర్రటి ప్రైమరు కొట్టారు. ఒక్క రాత్రి ఆగినా బందరు కారు మళ్ళీ తుప్పు పడుతుందని మేస్త్రీ హాస్యం!

ఇక్కడ ఒక వింత చూడండి. రెడాక్సైడు ప్రైమరుకు ఆ ఎర్రని రంగు ఎక్కడిది? ఐరన్ ఆక్సైడుదే, అంటే తుప్పుకు దగ్గరి చుట్టానిదే! కాని ఇది ఇనుము నుంచి అక్కడికక్కడ పుట్టింది కాదు. ఉబ్బదు, రాలదు. మెత్తని పొడిగా జిగురు పదార్థంలో కుదురుకుని ఉంటుంది. మంచి ప్రైమరులో జింకు ఫాస్ఫేటు వంటి లవణాలు కూడా కలుపుతారు. అవి తుప్పు చర్యను మందగింపజేస్తాయి.

ఆ తరువాతే గుంతలున్న చోట పలుచగా లప్పం, దానిమీద నీళ్ళు పోస్తూ వాటర్ పేపరుతో రుద్దడం, పూర్తిగా ఆరనివ్వడం, మళ్ళీ ప్రైమరు. చేతివేళ్ళతో తడిమి చూసి, కంటికి కనిపించని ఎత్తుపల్లాలను మేస్త్రీ పట్టేసేవాడు.

ఎండలో వేస్తే ఏమవుతుంది?

రంగులో మూడు భాగాలుంటాయి: రంగునిచ్చే పొడి, దాన్ని పట్టి ఉంచే జిగురు పదార్థం, రెండింటినీ పలుచగా ఉంచే ద్రావణి. ఈ ద్రావణినే మనం థిన్నరు అంటాం. గన్నుతో కొట్టినప్పుడు రంగు సన్నని తుంపరలుగా వెళ్ళి రేకు మీద పడుతుంది. తుంపరలు ద్రవంగా ఉండగానే ఒకదానిలో ఒకటి కలిసి, సమంగా పరుచుకోవాలి. అప్పుడే అద్దంలా మెరుస్తుంది.

మే నెల ఎండలో నిలిపిన ముదురురంగు కారు రేకు 60, 70 డిగ్రీల సెంటీగ్రేడు దాకా కాలగలదు. వేడి పెరిగితే బాష్పీభవనం పెరుగుతుందని మీకు తెలుసు. తుంపరలోని థిన్నరు దారిలోనే చాలావరకు ఆవిరైపోతుంది. సగం ఎండిన రేణువులు రేకు మీద ఇసుకలా అంటుకుంటాయి. మా కారు పైకప్పు గరుకుదనానికి కారణం ఇదే! ఒకవేళ ద్రవంగా పడినా, పైన తొందరగా పొర కడుతుంది. లోపల చిక్కుకున్న ద్రావణి ఆవిరై ఆ పొరను చీల్చుకుని వస్తుంది. సూదిమొన లాంటి రంధ్రాలు మిగులుతాయి. ఆ తరువాత వాటిలోంచి నీరు దిగుతుంది.

అందుకే మేస్త్రీ ఉదయం పూట, నీడలో, రేకు చల్లగా ఉన్నప్పుడే గన్ను పట్టేవాడు. వేసవికి నెమ్మదిగా ఆరే థిన్నరు వేరే ఉంటుంది, అదే వాడేవాడు.

వాన కురిసిన మరునాడు

అంతా సిద్ధమైంది. ముందురోజు సాయంత్రం గాలివాన వచ్చింది. తెల్లవారి చల్లగా ఉంది. "ఇంకేం, మొదలుపెడదామా?" అన్నాను. మేస్త్రీ తల అడ్డంగా ఊపాడు. ఒక పాత మడ్‌గార్డు ముక్క తీసి, దానిమీద నీలంరంగు కొట్టి చూపించాడు. నా కళ్ళముందే నీలం మీద పాలు చిలికినట్లు తెల్లని పొర కమ్మింది! "గాలి తడిగా ఉందండి. ఇవాళ కారు ముట్టుకోకూడదు" అన్నాడు.

ఎందుకిలా జరిగింది? ఇంజెక్షను ఇచ్చే ముందు నర్సమ్మ స్పిరిటు దూదితో రుద్దితే చల్లగా ఉంటుంది కదా! స్పిరిటు ఆవిరవుతూ మీ చర్మంలోని వేడిని తీసుకుంటుంది. థిన్నరు కూడా అంతే. ఆవిరవుతూ రంగు పొరను చల్లబరుస్తుంది. గాలిలో నీటి ఆవిరి ఎక్కువగా ఉన్నప్పుడు ఆ కొద్దిపాటి చల్లదనమే చాలు. చల్లని మజ్జిగ గ్లాసు బయట నీటి చుక్కలు పట్టినట్లు, తడి రంగు మీద మంచు పడుతుంది. ఆ నీరు జిగురు పదార్థాన్ని విరగ్గొడుతుంది. పొరలో ఏర్పడిన సూక్ష్మమైన ఖాళీలు వెలుగును అన్ని వైపులకూ చెదరగొడతాయి. అందుకే తెల్లగా కనిపిస్తుంది. త్వరగా ఆరే నైట్రోసెల్యులోజు రంగులకు ఈ బాధ ఎక్కువ.

ఈ రంగులకూ ఒక చరిత్ర ఉంది. 1920 జూలై 4న అమెరికాలోని పార్లిన్ అనే ఊళ్ళో, డ్యూపాంట్ కంపెనీ ప్రయోగశాలలో గమనించిన ఒక రసాయన చర్య నుంచి ఇవి పుట్టాయి. 1923లో డ్యూకో అనే పేరుతో బజారులోకి వచ్చాయి. అంతకుముందు కారు రంగు ఆరడానికి రోజులు, వారాలు పట్టేది. డ్యూకోతో గంటల్లో పని అయింది, రకరకాల రంగులూ వచ్చాయి. నూరేళ్ళ తరువాత కూడా మన మేస్త్రీలు ఏ కంపెనీ రంగునైనా డ్యూకో అనే పిలుస్తారు!

మేస్త్రీ దగ్గు

మూడు రోజులు ఆగాం. నాలుగో రోజు గాలి పొడిబారింది. ఏడు గంటలకు పని మొదలైంది. మేస్త్రీ మాటిమాటికీ దగ్గుతున్నాడు. "చిన్నప్పటి నుంచీ ఇదే పనండి. మా రోజుల్లో ముక్కుకు తువ్వాలు కట్టుకునేవాళ్ళం" అన్నాడు.

తువ్వాలు దుమ్మును కొంత ఆపగలదేమో కాని, ఆవిరిని ఆపలేదు. ద్రావణి అణువులకు బట్టలోని సందులు పెద్ద ద్వారాల వంటివి. థిన్నరు ఆవిరి తల తిప్పుతుంది, నరాలను దెబ్బతీస్తుంది. గట్టిపరిచే మందు కలిపి కొట్టే నేటి రంగుల్లో ఐసోసైనేట్లు ఉంటాయి. వాటివల్ల ఆస్తమా రావచ్చు. వాటిని కొట్టేవారికి గొట్టంద్వారా శుభ్రమైన గాలి అందించే ముసుగే సరైన రక్షణ. ఆ షెడ్డులో పనివాళ్ళు బొగ్గుపొడి డబ్బాలున్న ముసుగులు కట్టుకున్నారు. ఉత్తేజిత బొగ్గు తన రంధ్రాలలో ద్రావణి అణువులను పట్టి ఉంచుతుంది. మేస్త్రీ మాత్రం ఊపిరాడటం లేదని తన ముసుగు మెడకు వేలాడదీశాడు. "పిల్లలకు చెప్పినట్లు చెబుతున్నాను, పెట్టుకోండి" అన్నాను. నవ్వి పెట్టుకున్నాడు. ఈ మాట ఆయనకు ముప్పయ్యేళ్ళ క్రితం ఎవరైనా చెప్పి ఉండవలసింది. మీ ఇంట్లోగాని, బంధువుల్లోగాని రంగుపని చేసేవారుంటే ఈ పేరా వారికి చదివి వినిపించండి.

ఎండలో షికారు

నీలం రంగు కొట్టిన ముక్క చూశాక, కారుకు మాత్రం మళ్ళీ పాత మీగడ రంగే వేయించాను. జ్ఞాపకం ఒక కారణం. లేతరంగు సూర్యకాంతిని ఎక్కువగా తిప్పికొట్టి తక్కువ వేడెక్కుతుందనేది రెండవ కారణం. ఏ రంగైనా సరే, అద్దాలు మూసి ఎండలో నిలిపితే అరగంటలో లోపలి వేడి బయటికంటే 15 డిగ్రీలకు పైగా పెరగవచ్చు. అద్దంలోంచి వెలుగు లోపలికి వస్తుంది. వేడెక్కిన గాలి బయటికి పోలేదు. నిలిపిన కారులో చిన్నపిల్లలను ఒక్క క్షణమైనా వదలకూడదు.

కొత్త రంగుతో మొదటి షికారు మంగినపూడికే. బయలుదేరే ముందు, చల్లగా ఉన్నప్పుడే టైర్లలో గాలి చూశాను. 27 డిగ్రీల దగ్గర 24 పౌండ్లు చూపిన టైరు, లోపలి గాలి 57 డిగ్రీలకు వేడెక్కితే సుమారు 28 చూపుతుంది. వాతావరణ పీడనం 14.7 పౌండ్లు కలిపి, వాయు నియమం ప్రకారం మీరే లెక్కకట్టి చూడండి.

దారిలో కారు ఆగిపోయింది! ఇంజను వేడికి పెట్రోలు గొట్టంలోనే ఆవిరైంది. పంపు ద్రవాన్ని నెట్టగలదు, ఆవిరి బుడగలను నెట్టలేదు. ఇంజను ఆపి, పెదనాన్నగారు చేసినట్లే పంపు మీద తడిగుడ్డ కప్పాను. నీరు ఆవిరవుతూ వేడిని తీసుకుంది. పావుగంటలో కారు కదిలింది. రంగును పాడుచేసిన బాష్పీభవనమే ఇక్కడ మమ్మల్ని ఒడ్డుకు చేర్చింది! వేడి రేడియేటరు మూత మాత్రం ఎవరు చెప్పినా తీయకండి. ప్రెషర్ కుక్కరు లాగే పీడనంతో ఉన్న మరిగే నీరు ముఖం మీదికి చిమ్ముతుంది.

తిరిగి వచ్చాక మంచినీళ్ళతో కారు అడుగుభాగం కూడా కడిగాను. ఉప్పు నిలవకూడదు కదా! ఏటా వానాకాలం ముగిశాక తలుపుల అడుగున వేలితో తడిమి చూస్తాను. ఇంతవరకు బుడిపె లేవలేదు.

మీరు చేసి చూడండి

ఒకే రకం మేకులు మూడు తీసుకోండి. ఒకదానిని గరుకు కాగితంతో తళతళలాడేలా రుద్ది, రంగు వేయండి. రెండవదానికి ముందు తుప్పు పట్టనిచ్చి, దానిమీదే రంగు వేయండి. మూడవదానికి రంగు వేయవద్దు. రంగు బాగా ఆరాక మూడింటినీ ఉప్పునీటిలో సగం మునిగేలా ఉంచి, రోజూ ఏం కనిపించిందో నోటుబుక్కులో రాయండి. నెల తరువాత మొదటి రెండు మేకుల రంగునూ గీకి చూడండి.

పైకి ఒకేలా కనిపించిన రెండు మేకుల మధ్య తేడా ఏమిటో అప్పుడు మీకే తెలుస్తుంది. నాకది తెలియడానికి ఒక కారు తలుపు ఖర్చయింది!