మూతినుండి మందు గట్టించు తుపాకి గొట్టముల సంరక్షణము

తాళపత్రగ్రంథములకై పల్లెలలో వెదకువారికి అటకలమీదను, సావడి గోడలమీదను ప్రాత తుపాకులును అప్పుడప్పుడు కనబడుచుండును. తాటియాకును తుడిచి పసరు పూయు విధము మన పరిశోధకులకు దెలియును. తుపాకి విషయమున నట్టి యెఱుక కొఱవడినందున ఇంటివారు దానిని ఇటికపొడితో తోమి తళతళలాడింతురు. లేదా గొట్టమున నూనె పోసి మూలకు నిలువబెట్టుదురు. రెండును దానిని జెఱచునవియే. అది యెట్లో తెలియవలెనన్నచో ముందుగా మందు స్వభావము నెఱుగవలయును.

మన భాషలో రోగమును మాన్పుదానికిని, తుపాకిలో గట్టించుదానికిని మందనియే పేరు. ఈ రెండవ మందున సూరేకారము 75 పాళ్లు, బొగ్గు 15 పాళ్లు, గంధకము 10 పాళ్లు ఇంచుమించుగ నుండును. ఇది కాలినపుడు సర్వమును వాయువై పోవునని తలంచుట పొరపాటు. నోబిల్, ఏబెల్ అను శాస్త్రజ్ఞు లిరువురు 1875లో ప్రకటించిన పరిశోధనమునుబట్టి, కాలిన మందు బరువులో నూటికి 57 పాళ్లు ఘనపదార్థముగనే మిగులుచున్నది. అందు కొంత పొగతో వెడలిపోవును. తక్కినది గొట్టపు గోడల నంటుకొనును. ఆ మసిలో బొగ్గుతోపాటు పొటాసియము కార్బనేటు, సల్ఫేటు, సల్ఫైడు అను లవణములు గలవు. కార్బనేటు గాలిలోని తేమను బీల్చి తానే చెమ్మగిల్లును. సిపాయిలకిచ్చిన టోపీలలో పాదరసపు ఫల్మినేటుతో గలిపిన పొటాసియము క్లోరేటు కాలి క్లోరైడగును; అదియు నుప్పే. కావున గొట్టమును దినునది గుండు రాపిడి గాదు, మంట వేడిమి గాదు. కాల్చిన పిదప లోపల నిలిచిన యుప్పుతడి. సముద్రతీరపు టూళ్లలో వానకాలమున దీనికి ఒక్క రాత్రి వ్యవధి చాలును.

ఈ లవణములు నీటిలో కరగును, నూనెలో కరగవు. ఇనుమునకు నీరు శత్రువను భయముచే జనులు నీటిని విడిచి నూనెను బట్టుదురు. మసిమీద పోసిన నూనె యుప్పును కదలింపజాలదు సరికదా, దానిపై పొరగా నిలిచి, పైకి బాగుగనున్నదను భ్రాంతిని గల్పించి, అడుగున తుప్పును బెంచును. ఈ విషయమున నీరే మందు. నూనె పథ్యము మాత్రమే.

మసి యెంత ప్రబలమైనదో 1853వ సంవత్సరపు ఎన్‌ఫీల్డు తుపాకి చరిత్రయే చెప్పుచున్నది. దాని గొట్టము 39 అంగుళముల పొడవు. లోపలి వ్యాసము 0.577 అంగుళము. గుండు గిఱగిఱ దిరుగుచు పోవుటకై లోపల మూడు మెలిచాళ్లు గలవు. అవి 78 అంగుళములకు ఒక చుట్టు తిరుగునవి, అనగా గొట్టము పొడవునకు అరచుట్టు మాత్రమే. తొలుత గుండు వ్యాసము 0.568 అంగుళముగ నుండెను. కొన్ని మాఱులు కాల్చగనే మసి పేరుకొని గుండు దిగుట కష్టమైనందున, తరువాత దానిని 0.550కి తగ్గించి అడుగున బిరడా నమర్చిరి. తూటాకు పూసిన కొవ్వు 1857లో గల్పించిన కలత చరిత్రజ్ఞు లెల్లరు నెఱిగినదే. ఆ పూత గుండు సులువుగ దిగుటకును, మసి గట్టిపడకుండుటకును ఏర్పడినదని చెప్పువారు మాత్రము అరుదు.

ఇచ్చటనే మఱియొక మాట. చాళ్లు లేని ఎన్‌ఫీల్డు దొరకినచో, అతిగా తోమి యరుగదీసిరని వెంటనే నిర్ణయింపరాదు. ఆ కల్లోలము పిమ్మట భారతీయ సిపాయిలకై 1858లో నేర్పఱచిన మాదిరిలో చాళ్లను బుద్ధిపూర్వకముగ తొలిచివైచి, లోపలి వ్యాసమును 0.656 అంగుళమునకు బెంచిరి. పాలకుల యనుమానము ఆ గొట్టపు నునుపున నిలిచియున్నది. దానిని గుర్తింపవలెనన్నచో తుప్పులేని గోడ కావలయును.

శుభ్రపఱచుటకు బూనువాడు మొట్టమొదట తుపాకిలో మందున్నదేమో చూడవలయును. తడి తగులని మందు నూఱేండ్లు గడచినను మండగలదు. మూతివైపునకు మొగ మొడ్డక, ప్రక్కనుండి కఱ్ఱసలాకను మెల్లగా దింపి, మూతియొద్ద గుర్తు పెట్టుకొని, తీసి, గొట్టము వెలుపల నానించి కొలువవలయును. సలాక కొన నిప్పు ప్రవేశించు రంధ్రము దాక రానిచో లోపల నేదో యున్నది. అది యెలుకలు చేర్చిన చెత్తయు గావచ్చును. కాని అట్లు తలంపరాదు. తుపాకిని దీపమునకును, పిల్లలకును దూరముగ నుంచి నేర్పరి కప్పగింపవలయును. గుఱ్ఱమునెత్తి విడిచి చూచుట ప్రాణాంతకము.

ఖాళీయని నిశ్చయమైన పిదప, టోపీ తొడుగు నిపిలును దాని తాళముతో విప్పవలయును. బిగిసియున్నచో బలిమి చేయక నూనె చుక్కలు వేసి కొన్ని దినములు వేచియుండుట మేలు. గొట్టమును కొయ్యనుండి వేఱుచేసి, అడుగుకొనను నీటి తొట్టెలో నుంచి, సలాకకు గుడ్డ బిగువుగ జుట్టి పైకి క్రిందికి నాడించినచో, చిమ్మనగ్రోవివలె నీరు రంధ్రముగుండ నెక్కి దిగుచుండును. తొలి నీరు నల్లగా వచ్చి క్రుళ్లిన గ్రుడ్ల కంపు గొట్టును. అది సల్ఫైడు పోవుచున్నదనుటకు గుర్తు. నీరు తేటపడువఱకు మార్చుచుండవలయును. మరగునీరు త్వరగా నాఱునని పలువురు మెత్తురుగాని, వేడి యినుముపై ఎఱ్ఱని పలుచపొర తక్షణమే పుట్టుటయు గలదు. నా యభిప్రాయమున గోరువెచ్చని నీరును, ఓపికతో మార్చిన పొడిగుడ్డలును చాలును. ఆఱిన తరువాతనే పలుచని ఖనిజతైలము. ఇంటనుండు దీపపునూనెలలో కొన్ని కాలక్రమమున జిగురగును, కొన్ని ముక్కిపోయి యామ్లత్వము పొందును, అవి వలదు.

సలాక విషయమున నొక జాగ్రత్త. గుండు చివరిసారి తాకునది మూతియంచు. ఆ యంచు ఒకవైపు అరిగినచో గుండు దారి తప్పును. ఇనుపసలాకను ఒరయించుచు తోముటవలన నిట్టి యరుగుదల కలుగును. కఱ్ఱ లేక యిత్తడి సలాకను నడుమగా బట్టుట యుత్తమము.

వెలుపలి భాగమును గూర్చి చెప్పవలసినది, ఎంత తక్కువ తాకిన నంత మంచిది. ఆనాటి పెక్కు గొట్టముల గోధుమవన్నె, శిల్పి తానే తుప్పు బట్టించి, రుద్ది, నిలిపిన రక్షణపు పొర. ఇత్తడిబిందెను దోమినట్లు చింతపండుతో దోమినచో ఆ పొర పోవును. ఇటికపొడి పరీక్షాముద్రలను, కంపెనీవారి కిరీటము బట్టిన సింహపు గుర్తును, సంవత్సరపు టంకెలను అరుగదీయును. శాసనమున అక్షరములు చెక్కివేసినవానిని మనము క్షమింపము. తుపాకిపై నదియే పని చేసినవానిని శుభ్రతగలవాడని మెచ్చుకొనుచున్నాము! మెత్తని గుడ్డతో నూనె యద్ది తుడిచిన జాలును.

భద్రపఱచునపుడు మూతికి గుడ్డబిరడా పెట్టరాదు. తేమ లోపల చిక్కుకొనును. మొదటి కొన్నిదినములు మూతి క్రిందుగ నిలిపినచో మిగులు నూనె కొయ్యలోనికి దిగక వెలుపలికి జాఱును. మఱునాడును, వారము గడచిన పిదపను తెల్లనిగుడ్డను లోపల నొకసారి నడిపి చూడవలయును. గుడ్డ గోధుమవన్నెతో వచ్చినచో ఉప్పింకను మిగిలియున్నది. అప్పుడు మఱల నూనె పూయక, నీటితోనే తిరిగి మొదలిడవలయును.