భీమావారు ఇల్లు చూచునప్పుడు

ఇల్లు కట్టి చూడుము, పెండ్లి చేసి చూడుము అని మన పెద్దలు చెప్పిరి. అమెరికాలో ఇల్లు కొన్న మన బిడ్డలు ఈ సామెతకు మరియొక మాట చేర్చుకొనవచ్చును: ఇంటికి భీమా చేసి చూడుము. గృహప్రవేశపు సంబరము ముగియక మునుపే భీమా కంపెనీనుండి జాబు వచ్చును. ‘మీ ఇంటిని తనిఖీ చేయుటకు మా మనిషి వచ్చును’ అని అందుండును. ఒక్కొక్కప్పుడు ఆ జాబైనను రాదు. ఎవరో వచ్చి, వీధిలో నిలిచి, ఇంటికి నాలుగు వైపుల ఫొటోలు తీసికొని పోవుదురు. కొన్ని వారముల తరువాత, కప్పు మార్చవలెననియు, కొమ్మలు కొట్టవలెననియు, లేనిచో పాలసీ రద్దగుననియు తాకీదు చేరును. డాలసులోనో న్యూజెర్సీలోనో ఉన్న కుమారుడు ఈ సంగతి ఫోనులో చెప్పగా, గుంటూరులోనో వరంగల్లులోనో ఉన్న తల్లిదండ్రులు విస్తుపోవుదురు. ‘మన డబ్బు పెట్టి కొనుక్కున్న ఇల్లు గదా, దానికి వంకలు పెట్టుటకు వారెవరు?’ అని అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. దానికి సమాధానము తెలిసికొందము.

మన దేశములో సొంత ఇంటికి భీమా చేయువారు అరుదు. అమెరికాలో అట్లు కాదు. అక్కడ పెక్కుమంది బ్యాంకు అప్పుతోనే ఇల్లు కొందురు. ఇల్లు బ్యాంకుకు తనఖా ఉన్నంతకాలము దానికి భీమా ఉండి తీరవలెనని బ్యాంకు షరతు విధించును. పాలసీ రద్దయి, వేరొకటి కుదరనిచో, బ్యాంకే తనకు నచ్చిన చోట భీమా కొని, ఆ ఖర్చును ఇంటివారి ఖాతాలో వ్రాయును. ఆ భీమాకు ప్రీమియము హెచ్చు, ప్రయోజనము తక్కువ. అది ప్రధానముగా బ్యాంకు సొమ్మును కాపాడును గాని ఇంటిలోని సామానును కాపాడదు. అంతేగాక, మరియొక కంపెనీకి దరఖాస్తు పెట్టుకొనునప్పుడు ‘మీ పాలసీని ఇంతకుముందెవరైన రద్దు చేసిరా?’ అను ప్రశ్న ఎదురగుట పరిపాటి. కావున ఆ తనిఖీ జాబును చిత్తుకాగితముల బుట్టలో వేయుట మంచిది కాదు.

ఇంటిని చూచి భీమా చేయు ఆచారము నేటిది కాదు. 1752లో ఫిలడెల్ఫియా నగరములో బెంజమిన్ ఫ్రాంక్లిన్, ఆయన మిత్రులు కలసి అగ్నిప్రమాదములకు ఒక పరస్పర భీమా సంఘమును స్థాపించిరి. ఆ సంఘమువారు ఇల్లిల్లు పరీక్షించి, గోడలు దేనితో కట్టబడినవో, కప్పు ఎట్టిదో వ్రాసికొని, అటు పిమ్మటనే భీమా చేయుచుండిరి. 1781లో వారు మరియొక నిర్ణయము చేసిరి. ఇంటిముందు చెట్లున్నచో మంట లార్పువారికి అడ్డగునని తలచి, అట్టి ఇండ్లకు భీమా చేయము అనిరి. నీడనిచ్చు చెట్టును కొట్టుటకు మనసొప్పని గృహస్థులు 1784లో వేరొక సంఘము పెట్టుకొనిరి. పచ్చని చెట్టునే దానికి చిహ్నముగా నిలుపుకొనిరి. భీమావారికిని ఇంటివారికిని నడుమ చెట్టుకొమ్మల తగవు రెండు శతాబ్దములకు పైబడిన దన్నమాట!

ఇల్లు కొనునప్పుడు ముగ్గురు పరీక్షకులు వత్తురు. వారిని వేరువేరుగా గుర్తింపవలెను. మొదటివాడు కొనువారు తమ ఖర్చుతో పిలుచుకొను పరీక్షకుడు. ఇంటి లోపములు చెప్పి కొనువారిని హెచ్చరించుట అతని పని. రెండవవాడు బ్యాంకు తరపున వచ్చి ఇంటి వెల కట్టువాడు. మూడవవాడు భీమావారు పంపినవాడు. అతడు చూచునది ఇంటి అందమును కాదు, వెలను కాదు. రేపు ఈ ఇంటివలన కంపెనీ ఎంత చెల్లింపవలసి వచ్చునో అది మాత్రమే. మొదటివాడు బాగున్నదని చెప్పిన ఇంటికే మూడవవాడు అభ్యంతరము చెప్పుట కలదు. అందు వింత లేదు. వారి ప్రశ్నలే వేరు.

ఈ మూడవవాని రాక సాధారణముగా పాలసీ మొదలైన తొలి వారములలోనే జరుగును. పెక్కు రాష్ట్రములలో తొలి అరువది దినములు, లేక అంతకు దగ్గరి గడువులో, పాలసీని రద్దు చేయుటకు కంపెనీకి విశాలమైన అధికారమున్నది. గడువు దాటిన పిమ్మట ప్రీమియము కట్టకపోవుట, మోసము, ప్రమాదము మిక్కిలి పెరుగుట వంటి కొన్ని కారణములకే మధ్యలో రద్దు చేయవచ్చును. ఏడాది ముగిసినప్పుడు పాలసీని కొనసాగింపక మానుట వేరు సంగతి. దానికి ముందుగా నోటీసు ఇయ్యవలెను.

తనిఖీలో మొదటి చూపు కప్పుమీద పడును. మన డాబాల వంటి కప్పులు అక్కడి నివాసములకు అరుదు. చెక్క పలకలు పరచి, వానిమీద షింగిల్సు అను తారు రేకులను వరుసలుగా మేకులతో బిగింతురు. ఇట్టి కప్పు వాతావరణమునుబట్టి పదునైదు మొదలు ముప్పది యేండ్లవరకు మన్నును. టెక్సాసులో వడగండ్లు, ఫ్లారిడాలో తుపానుగాలి దాని ఆయుష్షును తగ్గించును. ఒక రేకు లేచిపోయినచో నీరు దిగును. నీటివలన చెక్క కుళ్లును, గోడ బూజుపట్టును. కప్పు పాతదైనచో కొన్ని కంపెనీలు క్రొత్త కప్పు ఖరీదు నీయక, తరుగు తీసివేసి మిగిలిన విలువనే ఇచ్చు షరతు పెట్టును. పాలసీలో ఈ మాట ఎట్లున్నదో ఇంటివారు తప్పక చదువుకొనవలెను.

ఇల్లు పాతదైనచో తనిఖీదారు లోపలికిని వచ్చును. ఫ్లారిడాలో దీనిని నాలుగంశముల తనిఖీ యందురు: కప్పు, విద్యుత్తు, నీటి గొట్టములు, వేడి చల్లదనముల యంత్రములు. ప్రతిదానికి కారణమున్నది. 1960ల నడిమినుండి 1970ల తొలినాళ్లవరకు కట్టిన కొన్ని ఇండ్లలో రాగికి బదులు అల్యూమినియము తీగలు వాడిరి. అతుకులవద్ద అవి వదులై వేడెక్కి, నిప్పు పుట్టించు ప్రమాదమున్నది. 1978 మొదలు 1990ల నడుమవరకు పాలీబ్యూటిలీన్ అను ప్లాస్టిక్ గొట్టములు విరివిగా వేసిరి. అవి లోలోపల పెళుసెక్కి ఒకనాడు హఠాత్తుగా పగులును. గోడలోని గొట్టమును ఇంటివారు చూడలేరు గాని అది ఏ కాలపుదో తెలిసినవాడు దాని గుణమును చెప్పగలడు.

మెట్టుకు పట్టుకమ్మి లేదని కూడ తనిఖీదారు వ్రాసికొనును. ఇది చాదస్తముగా తోచవచ్చును. కాని గృహభీమాలో రెండు భాగములున్నవి. ఒకటి ఇంటికి, సామానుకు కలుగు నష్టము. రెండవది ఇంటికి వచ్చిన అతిథి జారిపడి గాయపడినచో ఇంటివారు చెల్లింపవలసిన పరిహారము. పగిలిన నడవ, కంచె లేని ఈతకొలను, కరచు కుక్క, పిల్లలు ఎగిరి దూకు ట్రాంపొలీను, ఇవన్నియు ఈ రెండవ భాగమునకు చెందినవి.

ఇంటి కొలతలు తీసికొనుటకును అర్థమున్నది. భీమా చేయవలసినది ఇల్లు అమ్మిన వచ్చు వెలకు కాదు, కాలిపోయిన ఇంటిని మరల కట్టుటకగు ఖర్చునకు. ఉదాహరణము చెప్పుదును. మరల కట్టుటకు 4,00,000 డాలర్లగు ఇంటికి, సాధారణపు పాలసీ షరతు ప్రకారము, కనీసము నూటికి ఎనుబది వంతున, అనగా 3,20,000 డాలర్లకు భీమా ఉండవలెను. ఇంటివారు 2,40,000లకే చేసిరనుకొందము. అది ఉండవలసిన దానిలో ముప్పాతిక వంతు. వంటింటిలో నిప్పంటుకొని 40,000 డాలర్ల నష్టము కలిగినచో, కంపెనీ ముప్పాతిక లెక్కన 30,000లే ఇచ్చి, అందునుండియు మినహాయింపు తీసికొనవచ్చును. తనిఖీదారు కొలత సరిచేసినచో ప్రీమియము కొంత పెరుగును. కష్టకాలములో ఈ లోటు తప్పును.

తనిఖీ ఎల్లప్పుడు నష్టమే తెచ్చునని తలపరాదు. 1992 ఆగస్టు 24న ఆండ్రూ అను తుపాను దక్షిణ ఫ్లారిడాను తాకి వేలాది ఇండ్ల కప్పులను ఎగురగొట్టినది. దాని దెబ్బకు కొన్ని భీమా కంపెనీలే దివాలా తీసినవి. ఇంటికప్పు గాలికెట్లు లేచునో మన తీరవాసులకు చెప్పనక్కరలేదు. కప్పును గోడకు లోహపు పట్టీలతో బిగించిరా, కప్పు నాలుగు వైపుల వాలు గలదా, కిటికీలకు రక్షణ తలుపులున్నవా అని చూచి ధ్రువపత్రము తెచ్చుకొన్నవారికి, అక్కడి చట్టము ప్రకారము కంపెనీలు ప్రీమియము తగ్గింపవలెను. 2022లో ఫ్లారిడా మరియొక చట్టము చేసినది. కప్పు పదునైదేండ్లు దాటినదన్న ఒక్క కారణమున భీమా నిరాకరించుటకు ముందు, ఇంటివారికి తనిఖీ చేయించుకొను అవకాశ మీయవలెను. ఆ కప్పు ఇంక ఐదేండ్లు మన్నునని అర్హుడైన పరీక్షకుడు చెప్పినచో, వయస్సు పేరుతో నిరాకరింపరాదు. కాలిఫోర్నియాలో 2022నాటి నిబంధనలు, కార్చిచ్చునుండి ఇంటిని కాపాడుకొను పనులు చేసినవారికి ప్రీమియము తగ్గింపవలెనని కంపెనీలను ఆదేశించినవి. గాలికి కొట్టుకొని వచ్చిన నిప్పురవ్వలే పెక్కు ఇండ్లను అంటించును గనుక, గోడచుట్టు ఐదడుగుల మేర ఎండుటాకు, కట్టెపుల్ల లేకుండ చూచుకొనుట అందు ముఖ్యమైనది.

ఇటీవల మనిషి రాకుండనే విమానమునుండియు, డ్రోనునుండియు తీసిన ఫొటోలను చూచి కంపెనీలు నిర్ణయములు చేయుచున్నవి. నీడ పడిన చోటు నాచుగా కనబడవచ్చును; ఫొటో కప్పు మార్చకముందుది కావచ్చును. అట్టి తాకీదు వచ్చినప్పుడు భయపడుటయు వలదు, కోపగించుటయు వలదు. ఏ లోపమును చూచి వ్రాసితిరో, ఆ ఫొటోను, నివేదికను పంపుడని లిఖితముగా అడుగవలెను. లోపము నిజమైనచో గడువులోగా బాగుచేయించి, తేదీగల ఫొటోలు, మేస్త్రీ యిచ్చిన రసీదు పంపవలెను. గడువు చాలనిచో ముందుగానే పొడిగింపు కోరవలెను. లోపము నిజము కానిచో వేరొక పరీక్షకుని నివేదిక జతపరచవలెను. అప్పటికిని న్యాయము జరుగనిచో ప్రతి రాష్ట్రములోను భీమా వ్యవహారములు చూచు ప్రభుత్వ శాఖ కలదు. దానికి ఫిర్యాదు చేయవచ్చును. ఈలోగా వేరొక కంపెనీని వెదకుట మానరాదు. పాత పాలసీ ముగియు దినమునకే క్రొత్తది మొదలు కావలెను.

ఒక్కటి మాత్రము చేయరాదు. తనిఖీదారునకు కుక్కను దాచుట, కారుచున్న గొట్టమునకు రంగు పూయుట, దరఖాస్తులో లేనిది ఉన్నట్లు వ్రాయుట వలన ఆనాటికి గండము గడచినట్లుండును. రేపు నష్టము జరిగి పరిహార మడిగినప్పుడు ఆ అబద్ధమే అడ్డు వచ్చి, ఏండ్లకొలది కట్టిన ప్రీమియమంతయు వ్యర్థమగును.

మనవారు ఇల్లు కొనునప్పుడు సింహద్వారము ఏ దిక్కున ఉన్నదని ముందుగా అడుగుదురు. భీమావారు దిక్కు నడుగరు; కప్పు, తీగ, గొట్టము, మెట్టు చూతురు. ఏడాదికొకసారి, వారు రాకమునుపే, ఇంటివారే ఆ కన్నుతో తమ ఇంటిని చుట్టివచ్చుట మేలు. దూరదేశమందున్న బిడ్డతో ఈసారి ఫోనులో మాటలాడునప్పుడు, ‘ఇల్లు ఎట్లున్నది?’ అని ఊరకే అడుగక, ‘కప్పుకు ఎన్నేండ్లు? పాలసీ చదివితివా?’ అని కూడ అడుగుడు.